బుడమేరు వాగు సంరక్షణ

బుడమేరు ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం ఎన్టీఆర్ జిల్లాలో మైలవరం పరిసరాల కొండలలో పుట్టి, విజయవాడ నగరపు ఉత్తర భాగాన్ని ఒరుసుకొని ప్రవహించి, కొల్లేరు సరస్సులో కలిసే ఒక వాగు. వరదల కారణంగా దీనికి "విజయవాడ దుఃఖదాయని" అన్న పేరు వచ్చినది. ఈ వాగును, అందులోని చేపలను కాపాడుటకు స్థానికులు స్వచ్ఛందంగా చేయదగిన పని ఏమిటి, అటువంటి పని ఇతర ప్రాంతాలలో ఎట్లు సాగినది, ఈ ప్రాంతంలో పూర్వం ఉన్న ఏర్పాటు ఏమైనది అన్న విషయాలను ఈ వ్యాసం వివరిస్తుంది.

సంవత్సరంలో అధికభాగం బుడమేరులో నీరు పలుచగా ఉంటుంది. వంతెన మీదుగా పోయేవారిలో చాలామంది దానిని మురుగుకాలువ అనుకుంటారు. వర్షాకాలంలో ఏదో ఒక రెండు రోజులు మాత్రం ఊరంతా దాని పేరే చెప్పుకుంటుంది. సంరక్షణలో ఉన్న చిక్కంతా ఇదే. వాగును బాగుచేయవలసినది ఎవరూ దానిని తలచుకోని నెలలలో.

(మైలవరం పేరుతో వైఎస్ఆర్ కడప జిల్లాలో పెన్నా నదిపై ఒక జలాశయం కలదు. ఆ మైలవరానికి, ఈ వ్యాసంలోని మైలవరానికి సంబంధం లేదు. ఈ మైలవరం పూర్వపు జమీందారీ కేంద్రం, ప్రస్తుతం మండల కేంద్రం.)

ప్రవాహ మార్గం

ఈ ప్రాంతంలో చిన్న నదులకు, పెద్ద వాగులకు "ఏరు" అన్న మాట చివర చేరుట పరిపాటి. మున్నేరు, పాలేరు, తమ్మిలేరు, రామిలేరు ఇటువంటివే. వీటిలో కొన్ని కృష్ణానదిలోను, కొన్ని కొల్లేటిలోను కలుస్తాయి. బుడమేరు రెండవ కోవకు చెందినది. మైలవరం, కొండపల్లి కొండల మీద కురిసిన వాన చిన్న చిన్న వాగులుగా దిగి ఇందులో చేరుతుంది. కొండలు దగ్గరగాను, వాలు ఎక్కువగాను ఉన్నందున, పైన కురిసిన వాన కొద్ది గంటలలోనే క్రింది గ్రామాలకు చేరుతుంది. కొండపల్లి బొమ్మల తయారీకి వాడే తెల్లపొణికి చెట్లు పెరిగేది ఈ అడవులలోనే. అడవి దట్టంగా ఉన్నచోట వాన నీరు నేలలో ఇంకి, వాగులోకి నెమ్మదిగా ఊరుతుంది. చెట్లు పోయి, గ్రావెల్ కొరకు కొండను తవ్విన చోట అదే వాన ఎర్రమట్టితో సహా ఒక్కసారిగా దిగుతుంది. కనుక వాగు సంరక్షణ వాగు గట్టున కాక కొండ మీద మొదలవుతుందని చెప్పవలెను.

జి.కొండూరు మండలంలోని వెలగలేరు వద్ద వాగుపై ఒక రెగ్యులేటరు ఉన్నది. వరద వచ్చినపుడు నీటిని ఇక్కడి నుండి బుడమేరు మళ్లింపు కాలువ ద్వారా ఇబ్రహీంపట్నం వైపు త్రిప్పి, ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణానదిలో కలుపుతారు. మళ్లింపు కాలువ పట్టగలిగిన దానికన్నా ఎక్కువ నీరు వస్తే, రెగ్యులేటరు గేట్లు ఎత్తి పాత వాగులోకి వదలక తప్పదు. ఆ పాత వాగు విజయవాడ ఉత్తర ప్రాంతాల గుండా పోతుంది. 2015 నుండి పట్టిసీమ ఎత్తిపోతల పథకం ద్వారా గోదావరి నీరు పోలవరం కుడికాలువలో వచ్చి, ఈ మళ్లింపు కాలువ ద్వారానే కృష్ణలో కలుస్తూ వచ్చినది. ఆ విధంగా ఒక చిన్న వాగు కొరకు త్రవ్విన కాలువ రెండు మహానదులను కలిపే దారి అయినది. నీటితోపాటు చేపపిల్లలు, మొక్కల విత్తనాలు కూడ ప్రయాణిస్తాయన్న సంగతిని ఇక్కడ గుర్తుంచుకొనవలెను.

విజయవాడ దాటిన తరువాత ఎనికేపాడు వద్ద బుడమేరు ఏలూరు కాలువ క్రింద నుండి సొరంగ మార్గంలో పోతుంది. దీనిని స్థానికంగా "అండర్ టన్నెల్" అంటారు. 1855 నాటికి బెజవాడ వద్ద కృష్ణపై ఆనకట్ట పూర్తి అయి, డెల్టా కాలువలు త్రవ్వినపుడు, అవి సహజమైన వాగుల దారులకు అడ్డముగా వచ్చినవి. సాగునీటి కాలువ పైన, వాగు క్రింద పోయే ఇటువంటి నిర్మాణాలు అందుచేత అవసరమైనవి. సొరంగం ఎంత నీటిని పంపగలదో అంతే క్రిందికి పోతుంది. మిగిలినది వెనుకకు నిలుస్తుంది. దాని నోటికి గుర్రపుడెక్క అడ్డుపడితే ఆ మాత్రం కూడ పోదు.

వాగులోని చేపలు

బుడమేరు వంటి వాగు వేసవిలో తెగిపోయి, అక్కడక్కడ మడుగులుగా మిగులుతుంది. ఇటువంటి చోట బ్రతకగలిగిన చేపలు ప్రత్యేకమైనవి. కొర్రమీను, మట్టగిడస, మార్పు వంటివి నీటిలోని ప్రాణవాయువుతోపాటు పైకి వచ్చి గాలిని కూడ పీల్చుకొనగలవు. మట్టగిడస బురదలో కూడ కొంతకాలం ప్రాణం నిలుపుకుంటుంది. ఇవికాక పరిగెలు, జెల్లలు, బొమ్మిడాయిలు, వాలుగలు వంటి నాటుచేపలు డెల్టా వాగులలో సాధారణం. అమ్మకానికి పెంచే బొచ్చె, శీలావతి చేపలు చెరువులు తెగినపుడు వాగులలోకి వస్తాయి.

కొర్రమీను సంతానాన్ని పెంచే తీరు వాగు సంరక్షణను గూర్చి ఆలోచించేవారు తప్పక తెలుసుకోదగినది. దీని శాస్త్రీయనామం ఛన్నా స్ట్రయేటా. తెలంగాణ ప్రభుత్వం దీనిని రాష్ట్ర చేపగా ప్రకటించినది. వానలు పడి నీరు గట్టుమీది గడ్డిలోకి ఎక్కినపుడు కొర్రమీను జంట గడ్డిని, నాచును కొంత మేర తొలగించి గుడ్లు పెడుతుంది. గుడ్లు నీటిపై తేలుతాయి. పిల్లలు బయటికి వచ్చిన తరువాత ఎర్రని గుంపుగా నీటి పైభాగాన తిరుగుతూ ఉంటే, తల్లిదండ్రులు రెండూ క్రింద కాపలా ఉంటాయి. ఈ ఎర్రని గుంపు కనపడిన చోట గాలం వేస్తే పెద్దచేప తప్పక దాడి చేస్తుంది. అనుభవమున్న వేటగాళ్లందరికీ ఇది తెలుసు. అయితే ఆ పెద్దచేపను పట్టుకున్న తరువాత కాపలా లేని పిల్లలలో చాలా భాగం ఇతర చేపలకు, కొంగలకు ఆహారమైపోతుంది. ఒక పూట కూర కొరకు ఒక తరాన్ని పోగొట్టుకొనుట అన్నమాట. పూర్వం అనుభవజ్ఞులు గుంపు కనపడితే ఆ మడుగును విడిచిపెట్టేవారని చెప్తారు. ఏ చట్టపుస్తకంలోనూ లేని ఈ కట్టుబాటు, వాగుల సంరక్షణకు పనికివచ్చే నియమాలలో బహుశా అన్నిటికన్నా తేలికైనది.

తొలకరి వరదకు చేపలు ఏటికి ఎదురెక్కుతాయి. గుడ్లు పెట్టుటకు లోతు తక్కువైన, అప్పుడే నీట మునిగిన నేలలు వాటికి కావలెను. కొల్లేటి నుండి బుడమేరులోకి, బుడమేరు నుండి పిల్లవాగులలోకి, అక్కడ నుండి పొలాలలోకి సాగే ఈ ప్రయాణానికి మధ్యలో గేట్లు, సొరంగాలు, గుర్రపుడెక్క, అడ్డు వలలు ఉన్నవి. సరిగ్గా ఈ రోజులలోనే వాగు సన్నగా ఉన్నచోట వెదురు మావులు వరుసగా పెట్టి మొత్తం దారిని మూసివేయుట జరుగుతుంది. మావు పాతకాలపు సాధనమే, దానివల్ల దోషం లేదు. సగం దారి విడిచి పెడితే చేప మిగులుతుంది, పూర్తిగా మూస్తే మిగలదు.

కొల్లేరు వైపు నుండి చూచినను ఈ వాగు ముఖ్యమైనదే. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్యనున్న కొల్లేటికి నీరు తెచ్చేవాటిలో బుడమేరు, తమ్మిలేరు ప్రధానమైనవి. సరస్సు నుండి నీరు ఉప్పుటేరు ద్వారా బంగాళాఖాతానికి పోతుంది. పండుగప్ప వంటి చేప సముద్రపు ముఖద్వారంలో పుట్టి మంచినీటిలో పెరుగుతుంది. కనుక సముద్రం నుండి కొండవరకు నీటిదారి ఒకటే అని దానిని చూచి గ్రహించవచ్చును. కొల్లేటిని 1999లో వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అది రామ్‌సర్ ఒప్పందం క్రింద అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడినేలగా గుర్తింపు పొందినది. సరస్సులో వెలసిన చేపలచెరువుల గట్లను 2006లో ప్రభుత్వం పెద్దయెత్తున తొలగించినది. ఆ సందర్భంలో పక్షుల గూర్చి, చెరువుల యజమానుల గూర్చి చాలా చర్చ జరిగినది గాని, సరస్సులోకి వచ్చే వాగుల గూర్చి అంత జరగలేదు. బుడమేరు తెచ్చే మురుగు, మేట, ప్లాస్టిక్ చివరకు చేరేది అక్కడికే.

ఇతర ప్రాంతాలలో

చేపలు పట్టేవారే వాగును కాపాడే సంఘంగా ఏర్పడుట అన్నది ట్రౌట్ అనే చేప కారణంగా ప్రపంచంలో ప్రసిద్ధి పొందినది. ట్రౌట్ చల్లని, స్వచ్ఛమైన, వేగంగా పారే నీటిలో మాత్రమే బ్రతుకుతుంది. నీరు ఇరవై డిగ్రీల సెల్సియస్ దాటితే దానికి కష్టం. చెట్లు నరికి వాగుపై నీడ పోయినా, మేట వేసినా, మురుగు కలిసినా మొదట మాయమయ్యేది ఇదే. అందువలన దానిని గాలంతో పట్టే సరదా గలవారు, తమ సరదా నిలవాలంటే వాగు నిలవాలని గ్రహించారు. అమెరికాలో 1922లో చికాగోలో ఐజాక్ వాల్టన్ లీగ్ ఏర్పడినది. 1959లో మిచిగన్ రాష్ట్రంలో ఒసేబుల్ నది ఒడ్డున కొద్దిమంది కలిసి ట్రౌట్ అన్‌లిమిటెడ్ అనే సంస్థను ప్రారంభించారు. ప్రభుత్వం హేచరీ చేపలను తెచ్చి వదలుట కన్నా, వాగు బాగుంటే చేపలు వాటంతట అవే పెరుగుతాయన్నది వారి వాదన. ఇటువంటి సంఘాల స్థానిక శాఖలలో సభ్యులు సెలవురోజులలో గట్లపై చెట్లు నాటుట, నీటి ఉష్ణోగ్రత కొలుచుట, అడ్డుగా ఉన్న పాత తూములను తొలగింపజేయుట వంటి పనులు చేస్తారు.

భారతదేశంలో ట్రౌట్ సహజంగా లేదు. బ్రిటిషువారు నీలగిరి, కాశ్మీరు, మున్నారు వంటి చల్లని కొండలకు దానిని తెచ్చారు. కృష్ణా డెల్టా ఎండలలో అది ఒక దినం కూడ బ్రతకదు. మన నదులకు చెందిన మహసీర్ విషయంలో దక్షిణాదిన ఒక ప్రయత్నం జరిగినది. 1972లో బెంగుళూరు కేంద్రంగా ఏర్పడిన వైల్డ్‌లైఫ్ అసోసియేషన్ ఆఫ్ సౌత్ ఇండియా కావేరీ నదిలో కొంత భాగాన్ని తీసుకొని, స్థానికులను కాపలాకు నియమించి, పట్టిన చేపను తిరిగి నీటిలో విడిచే పద్ధతిని పాటింపజేసినది. డైనమైటుతో చేపలు చంపేవారిని అడ్డుకొనుట ఆ కాపలాలో ముఖ్యమైన పని.

ఈ ఉదాహరణలను మన ప్రాంతానికి యథాతథంగా తెచ్చుకొనుట పొరపాటు. అక్కడ గాలం సరదా, ఇక్కడ వల జీవనాధారం. పట్టి విడిచిపెట్టమని రోజుకూలికి సమానంగా చేపలమ్మి బ్రతికే వ్యక్తికి చెప్పుట న్యాయం కాదు. గ్రహించవలసినది వేరొకటి. వాగు వలన ప్రత్యక్షంగా ప్రయోజనం పొందేవారు ఉన్నంతకాలమే వాగుకు కాపలా ఉంటుంది.

కుడిమరామత్తు

కాపలా అనేది ఆంధ్రదేశానికి క్రొత్త కాదు. పూర్వపు మద్రాసు రాజధానిలో చెరువుల, పంటకాలువల చిన్న మరమ్మతులను రైతులే ఇంటికొక మనిషి చొప్పున శ్రమచేసి జరుపుకొనే ఆచారం ఉండేది. దీనిని కుడిమరామత్తు అనేవారు. వేసవిలో పూడిక తీయుట, గట్టుమీది గండ్లు పూడ్చుట, కాలువలో తుంగ, జమ్ము కోయుట ఇందులోని పనులు. రాని కుటుంబం అందుకు తగిన సొమ్ము చెల్లించవలసి ఉండేది. ఈ ఆచారాన్ని నిలుపుటకు 1858లో మద్రాసు నిర్బంధశ్రమ చట్టం చేశారు. నిర్బంధం అన్న మాటను బట్టే ఆచారం అప్పటికే సడలినదని ఊహించవచ్చును. ఈ ఏర్పాటును కేవలం స్వర్ణయుగంగా వర్ణించుట కూడ సరికాదు. శ్రమ చేసేవారు, నీరు అందుకొనేవారు అన్నిచోట్ల ఒకరే కారు. భూమిలేని వారిచేత బలవంతంగా చేయించుకొన్న సందర్భాలు కూడ ఉన్నవి.

1948 నాటి చట్టంతో మద్రాసు రాష్ట్రంలో జమీందారీలు రద్దు అయినవి. మైలవరం వంటి జమీందారీ ప్రాంతాల చెరువుల బాధ్యత ప్రభుత్వ శాఖలకు వచ్చినది. 1997లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రైతుల చేత సాగునీటి వ్యవస్థల నిర్వహణ చట్టం చేసి, ఎన్నికలు జరిపి, నీటి వినియోగదారుల సంఘాలను ఏర్పాటుచేసినది. ఈ సంఘాలు సాగునీరు ఇచ్చే చెరువుకు, కాలువకు చెందినవి. నగరం మధ్యగా పోయే వాగుకు ఆయకట్టు లేదు, కనుక దాని కొరకు అడిగే రైతు కూడ లేడు. పంచాయతీ చెరువులలో చేపల హక్కును మత్స్య సహకార సంఘాలు వేలంలోనో, కౌలుకో పొందుతాయి. చెరువులో తాము వేసిన చేపపిల్లను సంఘం కంటికి రెప్పలా కాపాడుకుంటుంది. పారే వాగులోని చేప ఎవరిదీ కాదు. రైతు విడిచిపెట్టి, మత్స్యకారునికి హక్కు లేక, మధ్యలో మిగిలిన ఆ నేలను ఆక్రమణదారులు, చెత్త లారీలు నింపుట మొదలుపెట్టిన కారణం ఇక్కడే ఉన్నది.

2024 వరద

2005లో బుడమేరు వరద విజయవాడను ముంచినది. దానికన్నా తీవ్రమైనది 2024 సెప్టెంబరు 1న వచ్చినది. ఆగస్టు 31 నుండి కురిసిన అతిభారీ వర్షానికి మైలవరం వైపు కొండల నుండి వరద దిగినది. వెలగలేరు దిగువన మళ్లింపు కాలువ ఎడమ గట్టుకు కవులూరు ప్రాంతంలో మూడుచోట్ల గండ్లు పడినవి. అజిత్‌సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట, వాంబే కాలనీ మొదలైన ప్రాంతాలు రోజుల తరబడి నీటిలో ఉన్నవి. అదే సమయంలో కృష్ణానది కూడ పొంగినది. సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ వద్ద వరద 11.43 లక్షల క్యూసెక్కులకు చేరినది. నది అంత ఎత్తులో ఉన్నపుడు మళ్లింపు కాలువ నీరు నదిలోకి తేలికగా దిగదు. సైన్యం కూడ పాల్గొనగా సెప్టెంబరు 7న చివరి గండిని పూడ్చారు.

ఆ రోజులలో పడవలతో, ట్రాక్టర్లతో ఎందరో స్వచ్ఛందంగా వచ్చి ఇండ్లపై చిక్కుకున్నవారికి అన్నం, పాలు, నీరు అందించారు. డ్రోన్ల ద్వారా కూడ ఆహారం పంపారు. ఆ సేవ గొప్పదే. కాని నీరు తీసిన తరువాత బురద ఎండేలోగా ఆ జనం ఎవరి పనులకు వారు వెళ్లిపోవుట సహజం. వాగుకు నిజంగా మనుషులు కావలసినది ఆ తరువాత వచ్చే మార్చి, ఏప్రిల్ నెలలలో. వరద అనంతరం రాష్ట్ర ప్రభుత్వం "ఆపరేషన్ బుడమేరు" పేరుతో ఆక్రమణల తొలగింపు, ప్రవాహ సామర్థ్యం పెంపు చేపడతామని ప్రకటించినది. ఆక్రమణలలో ఉన్నవారిలో అనేకులు ఏ చోటు వాగుదో తెలియక, చౌకగా వచ్చిన స్థలం కొనుక్కున్న పేదలు. వారికి వేరుచోటు చూపకుండా వాగు వెడల్పు చేయుట సాధ్యం కాదు.

స్వచ్ఛందంగా చేయదగిన పనులు

యంత్రాలతో చేయవలసిన పనులు ప్రభుత్వానివి. గేట్ల మరమ్మతు, గట్ల బలం, ఆక్రమణలు ఇంజనీర్ల చేతిలోను, రెవెన్యూ శాఖ చేతిలోను ఉంటాయి. స్థానికుల చేతిలో ఉన్నవి ఇతర పనులు.

మొదటిది చూచుట. ఒకే చోట, ఒకే వేళకు, వారానికొకసారి వాగును చూచి వ్రాసిపెట్టినచో ఒక సంవత్సరంలో అమూల్యమైన సమాచారం తయారవుతుంది. నీటి మట్టం తెలియుటకు వంతెన స్తంభంపై రంగుతో గీసిన కొలతలు చాలును. ఉష్ణోగ్రతకు థర్మామీటరు, ఆమ్లత్వానికి పాఠశాల ప్రయోగశాలలోని పీహెచ్ కాగితం, ప్రాణవాయువుకు ఆక్వా రైతులు వాడే పరీక్షా సామగ్రి చాలును. ఈ జిల్లాలలో చేపల రైతులు ఎక్కువ కనుక ఆ సామగ్రి పట్టణాలలో సులువుగా దొరుకుతుంది. నీటిలోని ప్రాణవాయువు తెల్లవారుజామున అతి తక్కువగా ఉంటుంది. రాత్రివేళ నాచు, మొక్కలు కూడ శ్వాసిస్తూ దానిని ఖర్చుచేయుటయే ఇందుకు కారణం. సూర్యోదయానికి ముందు చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తూ ఉంటే నీరు చెడినదని గుర్తు. పగలు పదిగంటలకు వెళ్లి పరీక్షించి "బాగానే ఉన్నది" అని వ్రాసుకొనుట వల్ల ప్రయోజనం లేదు.

ఖరీదైన పరికరాలు లేనివారు పురుగులను చూడవచ్చును. రాయి త్రిప్పి చూస్తే తూనీగ పిల్లలు, మేఫ్లై పిల్లలు రకరకాలుగా కనిపించినచో నీరు కొంత శుభ్రంగా ఉన్నట్లు. ఎర్రని సన్నపు పురుగులు తప్ప మరేమీ లేనిచోట మురుగు చేరుతున్నట్లు. మైలవరం వద్ద పైవాగులలో ఒకసారి, విజయవాడ దిగువన ఒకసారి ఈ పరీక్ష చేయిస్తే విద్యార్థులకు నగరం వాగుకు ఏమిచేస్తున్నదో ఉపన్యాసం లేకుండానే బోధపడుతుంది.

రెండవది గుర్రపుడెక్క తొలగింపు. దక్షిణ అమెరికా నుండి వచ్చిన ఈ మొక్క నీటిపై చాపవలె అల్లుకొని, క్రిందకు వెలుతురు, గాలి పోనీయదు. దీనిని తీయుటకు సరియైన సమయం తొలకరికి ముందు, నీరు తక్కువగా ఉన్నపుడు. తీసిన దానిని గట్టుమీదే కుప్పపోసినచో మొదటి వానకే తిరిగి వాగులో పడుతుంది. ఇది అతి తరచుగా జరిగే తప్పు. దూరంగా తరలించి కంపోస్టు చేయవలెను. గట్లపై పెరిగే తూటికాడను కొట్టినంత మాత్రాన అది చావదు, వేళ్లతో పెకలించవలెను. ఈ రెండూ తిరిగి తిరిగి మొలుస్తాయి. ఒకసారి ఫొటోలు దిగి వదలివేసే పని కాదు.

మూడవది మడుగులు కాపాడుట. ఇది అంతగా చర్చకు రాని విషయం. పూడిక తీసే యంత్రాలు వాగు అడుగును ఒక చివర నుండి ఇంకో చివరకు నున్నగా, చదునుగా చేసిపోతాయి. చూచుటకు అందంగా ఉంటుంది గాని, వేసవిలో ఆ చదునులో నీరు చీలమండ లోతు నిలిచి, కాగి, ఆరిపోతుంది. చేపలకు ఆశ్రయమిచ్చే లోతైన మడుగులు మిగలవు. వరదకు కావలసినది వెడల్పు, అడ్డులేని దారి. అక్కడక్కడ మడుగును విడిచిపెట్టుట వల్ల వరద పారుదలకు నష్టం లేదు. ఏ వంపులో వేసవికి కూడ నీరు ఉంటుందో వలవేసేవారికి బాగా తెలుసు. పూడికతీత అంచనా వేసే దశలోనే అటువంటివారిని వెంటబెట్టుకొని వెళ్లి మడుగులను గుర్తించి చూపుట స్వచ్ఛంద సంఘం చేయగల పనులలో మిక్కిలి విలువైనది. కాంట్రాక్టు మొదలైన తరువాత చెప్పినా ప్రయోజనం ఉండదు.

నాల్గవది గట్లపై చెట్లు. వాగు గట్టుకు ఏరుమద్ది, కానుగ, నేరేడు తగినవి. ఏరుమద్దికి ఆ పేరు ఏటి ఒడ్డున పెరుగుట వల్లనే వచ్చినది. నీటి అంచున వట్టివేరు, రెల్లు మట్టిని పట్టి ఉంచుతాయి. అయితే నీటిపారుదల గట్టు మీద పెద్దచెట్లు నాటుటకు శాఖ అనుమతి ఉండవలెను. చచ్చిన చెట్టు వేరు గట్టులో బొరియ విడిచి, గండికి కారణం కావచ్చును.

చేయకూడనివి కూడ ఉన్నవి. దోమల నివారణకని గంబూసియా చేపలను వాగులలో వదలుట సేవగా భావించబడుతున్నది. ఈ విదేశీ చేప నాటుచేపల గుడ్లను, పిల్లలను తింటుంది. దోమపిల్లలను తినే నాటు పరిగెలు వాగులో ఉండనే ఉన్నవి. జిలేబీ చేప, పెంపకం నిషేధించబడిన ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ ఒకసారి వాగులో చేరినచో తిరిగి తీయుట అసాధ్యం. అక్వేరియంలో విసుగుపుట్టిన చేపలను, తాబేళ్లను "పుణ్యం" అని వాగులో విడుచుట కూడ ఇట్టిదే. వరద సమయంలో నీటిలోకి దిగుట శిక్షణ పొందినవారికే తగును. మురుగు కలిసిన నీటిలో పనిచేసేవారు బూట్లు, తొడుగులు లేకుండా దిగరాదు. పుండు ఉన్నవారు అసలు దిగరాదు.

చట్టాలు, సంఘ నిర్వహణ

నీటిలో ప్రేలుడు పదార్థాలతో గాని, విషంతో గాని చేపలను చంపుటను 1897 నాటి భారత మత్స్య చట్టమే నిషేధించినది. పురుగుమందు కలిపి చేపలు తేలగొట్టుట చేపలకే కాక, ఆ నీరు త్రాగే పశువులకు, ఆ చేప తినే మనుషులకు కూడ ప్రాణాంతకం. ఇటువంటి సంఘటన కనబడినచో చచ్చిన చేపలను, నీటి నమూనాను వెంటనే సేకరించి మత్స్యశాఖకు తెలియజేయవలెను. కొన్ని గంటలు గడిస్తే రుజువు కొట్టుకొనిపోతుంది.

జీవవైవిధ్య చట్టం, 2002 ప్రకారం ప్రతి స్థానిక సంస్థలో జీవవైవిధ్య నిర్వహణ కమిటీ ఉండవలెను. ఆ ఊరి మొక్కలు, జంతువులు, చేపలు, వాటిని గూర్చి ప్రజలకు తెలిసిన సంగతులను అది ప్రజా జీవవైవిధ్య రిజిస్టరులో వ్రాయవలెను. చేప పేర్ల విషయంలో ఈ రిజిస్టరు ఎంతో ఉపయోగకరం. ఒకే చేపకు మైలవరం వైపు ఒక పేరు, కైకలూరు వైపు మరొక పేరు ఉండవచ్చును. కొర్రమీను, కొరమీను, కొర్రమట్ట అన్నవి పలుకుబడి భేదాలే. ఏ నెలలో ఏ చేప కనబడుతుంది, ఏది పదేళ్లుగా కనబడుట లేదు అన్నది వలవేసే వృద్ధులకు తెలుసు. వారిలో చాలామంది వ్రాయలేరు, వ్రాయగలవారు వారిని అడుగరు.

ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 క్రింద ఏడుగురు సభ్యులు కలిసి సంఘాన్ని నమోదు చేసుకొనవచ్చును. సభ్యత్వంలో మైలవరం వైపు పైవాగుల రైతులు, వెలగలేరు ప్రాంతం వారు, విజయవాడ కాలనీలవారు, కొల్లేటి వైపు మత్స్యకారులు అందరూ ఉండుట మంచిది. పైవారికి వరద రెండు మూడు గంటల ముందు తెలుస్తుంది, క్రిందివారికి మురుగు రెండు రోజుల తరువాత తెలుస్తుంది. వీరి మధ్య ఒక టెలిఫోను పిలుపు ఏర్పాటైతే చాలును. కొండల మీద పెద్దవాన మొదలైన వెంటనే మైలవరం నుండి సింగ్‌నగర్‌కు, ఎనికేపాడు సొరంగం వద్ద నీరు ఎగదన్నినపుడు అక్కడ నుండి పైకి కబురు పోవలెను. చేపలు తేలాడినపుడు కూడ ఆ దారినే కబురు నడుస్తుంది.